లక్ష్య క్షిపణులు: పాత అస్త్రాల మలి కొలువు

1999 అక్టోబరు 2 సాయంత్రం కాలిఫోర్నియా తీరంలోని వాండెన్‌బర్గ్ స్థావరం నుంచి ఒక మినిట్‌మన్-2 క్షిపణి పడమటి దిక్కుగా లేచింది. సోవియట్ యూనియన్ మీద ప్రయోగించడానికి తయారై, ఒక్కనాడూ ఆ పని పడకుండానే రిటైరైన రకం అది. కాసేపటికి, సుమారు 7,700 కి.మీ. అవతల, పసిఫిక్ నడిమధ్యన ఉన్న క్వాజలీన్ పగడపు దీవుల నుంచి దాన్ని అడ్డగించే క్షిపణి బయల్దేరింది. భూమికి 200 కి.మీ. పైచిలుకు ఎత్తున రెండూ ఢీకొన్నాయి. మందుగుండు ఏమీ లేదు, ఢీకొన్న వేగానికే రెండూ తునాతునకలయ్యాయి. ఇలాంటి వార్తల్లో మనం ఎప్పుడూ కొట్టినదాని గురించే చదువుతాం. ఆ రోజు కొట్టినదాన్ని అంతెత్తుకు మోసిన రాకెట్టు కూడా మినిట్‌మన్-2 రెండో, మూడో దశలతో కట్టినదే. ముల్లును ముల్లుతో తీయడమంటే అక్షరాలా అదే.

క్షిపణి రక్షణ పరీక్షల్లో శత్రువు వేషం కట్టేదాన్ని లక్ష్య క్షిపణి అంటారు. ఆ రంగంలో పనిచేసేవాళ్ల నోట అది ఒట్టి ‘టార్గెట్’. కొన్ని టార్గెట్లను కొత్తగానే తయారుచేస్తారు. మరికొన్నిటికి సైన్యం కొలువు చాలించిన బాలిస్టిక్ క్షిపణులే ముడిసరుకు. వాటిని విప్పి, పనికొచ్చే దశలను ఏరి, కొత్త కంప్యూటరూ ఉత్తుత్తి వార్‌హెడ్డూ అమర్చి మళ్లీ ఎగరేస్తారు. బయటి ప్రపంచానికి తెలిసినంతలో ఈ రెండో పద్ధతిని అందరికన్నా విస్తారంగా వాడిన దేశం అమెరికా.

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. ఖండాంతర క్షిపణి విషయంలో ఆ వెయ్యి విలువంతా దాని మోటార్లలో ఉంటుంది. వార్‌హెడ్ తీసేశాక మిగిలే ఘన ఇంధన మోటార్లను ఏం చేయాలన్నది పెద్ద చిక్కు. నిల్వ ఉంచితే కాపలా ఖర్చు. వదిలించుకోవాలంటే ఎడారిలో పేల్చేయాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి దించిన క్షిపణుల మోటార్లెన్నిటినో యూటా ఎడారిలో అలాగే పేల్చేశారు. దానికన్నా వాటిని గాల్లోకి పంపి, రక్షణ వ్యవస్థను పరీక్షించుకుంటే ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. పైగా సెకనుకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే వస్తువు పరీక్షకు కావాలంటే, దాన్ని ఆ వేగానికి తీసుకెళ్లగల రాకెట్టు కావాలి. అది అప్పటికే గోదాములో ఉంది.

మొదట్లో మాత్రం ఈ పొదుపు ఆలోచన లేదు. 1961 మార్చి 4న సోవియట్ శాస్త్రవేత్త గ్రిగోరీ కిసుంకో బృందం కజకిస్తాన్‌లోని సారీషగన్ పరీక్షా కేంద్రంలో వి-1000 క్షిపణితో ఒక బాలిస్టిక్ వార్‌హెడ్‌ను కూల్చింది. అణ్వస్త్రం లేకుండా ఆ పని సాధించడం ప్రపంచంలో అదే మొదటిసారి. దానికి లక్ష్యంగా నిలిచిన ఆర్-12 అప్పటికి సోవియట్ సైన్యంలో కొత్తగా చేరిన క్షిపణి. మరుసటి ఏడాది జులై 19న అమెరికా నైకీ జూస్ క్షిపణిని అట్లాస్ మీద ప్రయోగించినప్పుడూ అంతే, అట్లాస్ ఇంకా సర్వీసులోనే ఉంది. జూస్ రెండు కిలోమీటర్ల దూరం నుంచి పోయినా విజయమే అన్నారు. అసలు యుద్ధంలో దాని మొనలో అణుబాంబు ఉంటుంది కాబట్టి, దగ్గర్లోంచి పోయినా చాలని లెక్క.

1965లో అట్లాస్‌లు కొలువు చాలించాయి. కొత్త ఘన ఇంధన మినిట్‌మన్‌ల ముందు, ప్రయోగానికి ముందు ద్రవ ఆక్సిజన్ నింపుకోవాల్సిన అట్లాస్ వెలవెలబోయింది. అయినా పారేయలేదు. మిగిలినవాటిని బాగుచేసి కొన్నిటిని క్షిపణి నిరోధక పరిశోధనలకూ, కొన్నిటిని ఉపగ్రహాలు మోయడానికీ వాడుకున్నారు. వాటిలో చివరిది 1995 మార్చిలో ఒక వాతావరణ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. యుద్ధం కోసం పుట్టి, ఆయుధంగా రిటైరయ్యాక ముప్ఫై ఏళ్లు బతికిన యంత్రం అది.

అసలు గని దొరికింది 1991లో. ఆ ఏడాది సెప్టెంబరు 27న అధ్యక్షుడు జార్జ్ బుష్, 450 మినిట్‌మన్-2 క్షిపణులనూ యుద్ధ సన్నద్ధత నుంచి తప్పించమని ఆదేశించారు. వరుసగా కొన్నేళ్లపాటు సైలోల నుంచి వాటిని పైకి తీశారు. ఒక్కొక్కటి 17 మీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు 33 టన్నుల బరువు. వార్‌హెడ్లు ఇంధన శాఖ చేతికి వెళ్లిపోయాయి. మోటార్లు అమెరికా వైమానిక దళంలోని ఒక ప్రత్యేక విభాగం చేతికొచ్చాయి. న్యూమెక్సికోలోని కర్ట్‌ల్యాండ్ స్థావరం నుంచి నడిచే ఆ విభాగం పని అదే: రిటైరైన రాకెట్ మోటార్లను లెక్కగట్టి, కాపాడి, అడిగిన ప్రభుత్వ సంస్థకు ఇవ్వడం. ప్రైవేటు కంపెనీలు వాటిని వాణిజ్య ప్రయోగాలకు వాడుకోవడం నిషిద్ధం. ఉచితంగా వచ్చే పాత మోటార్లు మార్కెట్‌ను ముంచెత్తితే కొత్త రాకెట్లు తయారుచేసేవాడు ఎలా బతుకుతాడన్నది అక్కడి వాదన.

పాత క్షిపణిని టార్గెట్‌గా మార్చడంలో మొదటి ప్రశ్న దాని ఆరోగ్యం. మినిట్‌మన్ మొదటి రెండు దశల్లో ఉండే ఇంధనం చూడటానికి గట్టి రబ్బరు ముద్దలా ఉంటుంది. అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే జిగురు పాలిమర్ కలిపి, మోటారు గొట్టంలోనే పోత పోసి గట్టిపరుస్తారు. పాత సైకిల్ ట్యూబు ఎండకు బీటలు వారినట్టు, ఆ జిగురు కూడా ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కుతుంది. చిన్న పగులు పడినా, గొట్టం గోడ నుంచి ముద్ద కాస్త ఊడినా ప్రమాదమే. ఇంధనం నడిమి బోలు నుంచి గొట్టం గోడ వైపు క్రమంగా కాలాలి. పగులుంటే నిప్పు అందులోకీ దూరుతుంది, మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది, ఒత్తిడి పెరిగి మోటారు పేలిపోతుంది. అందుకే మోటార్లను ఎక్స్‌రే తీస్తారు. తరచూ ఒక్కో తరం నుంచి ఒకటి రెండు నమూనాలను నేలమీద బిగించి మండించి చూస్తారు. మూడో దశ కథ వేరు. అందులో నైట్రోగ్లిజరిన్ ఉన్న మిశ్రమం వాడారు కాబట్టి దాని రసాయనిక స్థితిని విడిగా గమనించాలి.

తర్వాత లోపలి తీగలు, ఇగ్నైటర్లు మార్చాలి. 1960ల నాటి మార్గదర్శక కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టాలి. దారి తప్పితే నేల మీది అధికారి పేల్చేయడానికి వీలుగా ఆత్మవిధ్వంసక వ్యవస్థ అమర్చాలి. అణ్వస్త్ర క్షిపణిగా ఉన్నన్నాళ్లూ దీని అవసరం లేదు, వదిలితే వెనక్కి పిలవాలనే ఆలోచనే ఉండదు. టార్గెట్‌కు మాత్రం ఇది లేకుండా అనుమతి రాదు. ఆఖరున వార్‌హెడ్ స్థానంలో ఖాళీ శంకువు వస్తుంది. అందులో ఢీకొన్న క్షణాన్నీ చోటునూ పట్టే పరికరాలు, సమాచారం పంపే రేడియోలు ఉంటాయి. రాడార్‌ను తికమకపెట్టే బెలూన్లు కూడా ఒక్కోసారి జత చేస్తారు.

మినిట్‌మన్-2 రెండో దశ మోటారు ఎస్ఆర్-19 గురించి ఒక ముక్క చెప్పాలి. దాని నాజిల్ కదలదు. దిశ మార్చడానికి నాజిల్‌లోకి ఒక పక్క నుంచి ఫ్రియాన్ జాతి ద్రవాన్ని చిమ్ముతారు. ఆ ద్రవం వాయుప్రవాహాన్ని పక్కకు నెట్టి క్షిపణిని తిప్పుతుంది. ఓజోన్ పొరకు చేటు చేసే రసాయనం కావడంతో ఈ చిన్న వివరం పర్యావరణ నివేదికల్లోకీ ఎక్కింది.

ఈ ఎస్ఆర్-19 పుణ్యాన ఒక టార్గెట్ల వంశమే పుట్టింది. దానిమీద మూడో దశను నిలిపితే ‘హెరా’ అయింది. న్యూమెక్సికోలోని వైట్‌శాండ్స్ పరీక్షా క్షేత్రంలో థాడ్, పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థల పరీక్షలకు హెరాను వాడారు. వరుసగా ఆరుసార్లు గురి తప్పిన థాడ్ 1999 జూన్ 10న తొలిసారి కొట్టింది హెరానే. అంతకన్నా పాత మినిట్‌మన్-1 రెండో దశతో చేసిన ‘ఏరీస్’ది మరో ఘనత: 2002 జనవరి 25న హవాయి దగ్గర లేక్ ఈరీ నౌక నుంచి ఎగిరిన ఎస్ఎం-3 అనే అడ్డగించే క్షిపణి తొలిసారి ఢీకొట్టింది దాన్నే. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల నుంచి 1980ల మొదట్లో దించేసిన పొలారిస్ ఎ-3 మొదటి రెండు దశల మీద కొత్త మూడో దశ పెట్టి సాండియా ప్రయోగశాల ‘స్టార్స్’ను తయారుచేసింది. 1993 ఫిబ్రవరిలో హవాయి ద్వీపాల్లోని కవాయి నుంచి అది తొలిసారి ఎగిరింది. 2005లో కొలువు చాలించిన ట్రైడెంట్-1 మోటార్లతో ‘ఎల్‌వీ-2’ వచ్చింది.

అన్నింటిలోకీ చూడముచ్చటైనది విమానం నుంచి జారవిడిచే రకం. ఎస్ఆర్-19 మోటార్లున్న టార్గెట్‌ను పలకమీద పడుకోబెట్టి సి-17 రవాణా విమానంలోకి ఎక్కిస్తారు. సముద్రం మీదికి వెళ్లాక వెనక తలుపు తెరిచి పారాచూట్లతో బయటకు లాగుతారు. పారాచూట్ల కింద నిటారుగా వేలాడి, వాటిని వదిలించుకుని, గాల్లోనే మోటారు అంటించుకుని పైకి లేస్తుంది. దీనితో శత్రువు ఏ దిక్కు నుంచైనా వస్తున్నట్టు ఏర్పాటు చేయొచ్చు. 2012 అక్టోబరులో క్వాజలీన్ దగ్గర జరిగిన పెద్ద ఉమ్మడి పరీక్షలో థాడ్ ఇలాంటిదాన్నే కూల్చింది.

అంతకు మూడేళ్ల ముందు, 2009 డిసెంబరు 11న, కథ అడ్డం తిరిగింది. కవాయి తీరంలో థాడ్ సిద్ధంగా ఉంది, రాడార్లు సిద్ధం. విమానం టార్గెట్‌ను జారవిడిచింది. మోటారు అంటుకోలేదు. టార్గెట్ సముద్రంలో పడిపోయింది. పెళ్లికొడుకు రాని పెళ్లిపందిరిలా అయింది అక్కడి పరిస్థితి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2006 సెప్టెంబరులో వైట్‌శాండ్స్‌లో హెరా దారి తప్పడంతో దాన్ని పేల్చేయాల్సొచ్చింది, థాడ్‌ను వదలనేలేదు. 2007 మే 25న అలాస్కాలోని కోడియాక్ నుంచి ఎగిరిన టార్గెట్ కావలసినంత దూరం పోలేదు. రక్షణ వ్యవస్థ దాన్ని ముప్పుగానే లెక్కించలేదు. 2008 డిసెంబరు 5న పొలారిస్ మోటార్లతో ఎగిరిన టార్గెట్‌ను అడ్డగించే క్షిపణి కొట్టింది గానీ, టార్గెట్ మోసుకెళ్లిన మాయదారి సామగ్రి విచ్చుకోలేదు. అసలు వార్‌హెడ్‌కూ మోసానికీ తేడా పట్టగలదా అన్న ప్రశ్న ఆ రోజు అలాగే మిగిలిపోయింది. టార్గెట్ వల్ల అడ్డగించే క్షిపణిని వదలకుండానే ఆగిన సందర్భాల్లో ఫలితాన్ని విజయమనీ అనరు, వైఫల్యమనీ అనరు, ‘పరీక్ష జరగలేదు’ అని రాసుకుంటారు. ఖర్చు మాత్రం జరుగుతుంది. ఆ కాలంలో ఖండాంతర క్షిపణి నిరోధక పరీక్ష ఒక్కోదానికి సుమారు 10 కోట్ల డాలర్లు అయ్యేది. అందులో చవకగా దొరికిందనుకున్న పాత్రధారి కుప్పకూలితే నాటకమంతా ఆగిపోతుంది. 2008లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ టార్గెట్ల కార్యక్రమాన్ని గట్టిగానే విమర్శించింది. ఈ వైఫల్యాలన్నిటికీ పాత మోటార్లే కారణమనడం అన్యాయం. విచ్చుకోని బెలూనుకూ మోటారు వయసుకూ సంబంధం లేదు. కానీ అప్పటి నుంచి కొత్త మోటార్లతో తయారైన టార్గెట్ల వాటా పెరిగిందన్నది నిజం.

అసలు చిక్కు ఇంకోటి. అమెరికా పాత క్షిపణి అమెరికా శత్రువు క్షిపణిలా ప్రవర్తిస్తుందా? మినిట్‌మన్ ఘన ఇంధనంతో మండుతుంది. ఇరాక్ ఒకప్పుడు వాడిన, ఉత్తర కొరియా దగ్గరున్న స్కడ్ క్షిపణుల సంతతి ద్రవ ఇంధనంతో నడుస్తుంది. మంట రంగు వేరు, మండే కాలం వేరు, విడిపోయాక దొర్లే తీరు వేరు. రాడారూ పరారుణ కన్నూ నేర్చుకునేది అవే కదా. అందుకే అమెరికా నిజం స్కడ్‌లనే సంపాదించి 2002 నవంబరులో వాండెన్‌బర్గ్ నుంచి ఎగరేసి చూసింది. 2004 జులై 29న కాలిఫోర్నియా తీరంలో ఇజ్రాయెల్ ఏరో క్షిపణి కూల్చింది కూడా నికార్సయిన స్కడ్-బినే. ఇదీ పాత క్షిపణికి మలి కొలువే, కాకపోతే శత్రువు ఇంటిది.

టార్గెట్‌ను ఎంత ‘మచ్చిక’ చేస్తారన్నది మరో వివాదం. 1984 జూన్ 10న క్వాజలీన్ మీద జరిగిన ప్రయోగంలో, గొడుగు ఊచల్లా నాలుగు మీటర్ల వెడల్పున విచ్చుకునే చట్రమున్న ఒక యంత్రం మినిట్‌మన్-1 మోసుకొచ్చిన ఉత్తుత్తి వార్‌హెడ్‌ను ఢీకొట్టింది. అంతరిక్షంలో వార్‌హెడ్‌ను నేరుగా ఢీకొట్టి నాశనం చేయడం అదే తొలిసారి. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఫలితం బూటకమన్న ఆరోపణలు వచ్చాయి. ఆడిట్ సంస్థ విచారించి, ఢీకొట్టిన మాట నిజమేనని తేల్చింది. కానీ అడ్డగించే యంత్రం పరారుణ కంటికి బాగా కనబడేలా టార్గెట్‌ను ముందే వేడిచేశారనీ, దాని పక్క భాగం ఎదురయ్యేలా తిప్పారనీ కూడా చెప్పింది. 1999 తర్వాతి పరీక్షల్లో టార్గెట్‌లో ఉన్న రేడియో బీకన్ మీదా ఇలాంటి రగడే జరిగింది. సరైన చోట రాడార్ లేదు కాబట్టి, దారి మొదటి భాగానికి బీకన్ సాయం తప్పలేదని అధికారులన్నారు. శత్రువు బీకన్ పెట్టుకుని వస్తాడా అన్నారు విమర్శకులు. ఇద్దరి మాటా నిజమే. బడిపిల్లాడికి మొదట సులువు లెక్కలే ఇస్తారు. ఆ మార్కులు చూపించి పట్టా ఇచ్చేయమంటేనే పేచీ.

ఒప్పందాల పేచీ కూడా ఉంది. 500 నుంచి 5,500 కి.మీ. దూరం పోయే భూతల క్షిపణులను 1987లో అమెరికా, సోవియట్ యూనియన్‌లు పరస్పరం నిషేధించుకున్నాయి. హెరా లాంటి టార్గెట్లు ఆ దూరాల్లోనే ఎగురుతాయి. అవి ఒప్పందానికి విరుద్ధమని రష్యా పదేపదే అభ్యంతరం చెప్పింది. ఆయుధాలు కావు, పరిశోధన రాకెట్లని అమెరికా బదులిచ్చింది. 2019 ఆగస్టులో ఆ ఒప్పందమే రద్దయిపోవడంతో వాదనా చల్లారింది.

టార్గెట్ ఎక్కడో ఒకచోట పడాలి. ఆ ‘ఎక్కడో’కి పేరుంది, ఊరుంది. క్వాజలీన్ వలయంలోని నడిమి దీవులను 1960ల్లో ఖాళీ చేయించి అక్కడి మార్షల్ ద్వీపవాసులను ఈబై అనే చిన్న దీవికి చేర్చారు. అర చదరపు కిలోమీటరు కూడా లేని ఆ దీవిలో వేలమంది కిక్కిరిసి బతుకుతున్నారు. కవాయిలో స్టార్స్ ప్రయోగాలకు వ్యతిరేకంగా స్థానిక హవాయి ప్రజలు ఆందోళన చేశారు, పూర్వీకులను ఖననం చేసిన ఇసుక దిబ్బల పక్కనే ప్రయోగ వేదిక ఉందన్నది వాళ్ల బాధ.

మన దేశంలో పద్ధతి వేరు. 2006 నవంబరు 27న ఒడిశా తీరంలో భారత్ తొలిసారి బాలిస్టిక్ క్షిపణిని కూల్చినప్పుడు టార్గెట్‌గా ఎగిరింది పృథ్వి-2. చాందీపూర్ నుంచి అది లేవగా, ఇప్పుడు అబ్దుల్ కలాం ద్వీపం అంటున్న వీలర్ ద్వీపం నుంచి వెళ్లిన క్షిపణి సుమారు 48 కి.మీ. ఎత్తున అడ్డుకుంది. 2009 మార్చి 6న నౌక మీది నుంచి పృథ్వికి నౌకా రూపమైన ధనుష్‌ను ఎగరేసి పరీక్షించారు. ఇవి రిటైరైనవి కావు, సర్వీసులో ఉన్న క్షిపణికే చేసిన మార్పులు. టార్గెట్ మొండికేస్తే ఏమవుతుందో మనకూ తెలుసు: 2010 మార్చి 15న అది నిర్ణీత దారి తప్పడంతో అడ్డగించే క్షిపణిని వదలకుండానే పరీక్ష ఆపేశారు. పృథ్వి హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుంది, 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచే తొలిసారి ఎగిరింది. దాన్ని కూల్చిన క్షిపణీ హైదరాబాద్ ప్రయోగశాలల సృష్టే. వాండెన్‌బర్గ్ కథలోలాగే ఇక్కడా కొట్టిందీ దెబ్బ తిన్నదీ ఒకే ఇంటి బిడ్డలు.

అమెరికా గోదాముల్లోని మినిట్‌మన్-2 సరుకు ఏటికేడు తరిగిపోతోంది. అయితే 1970లో కొలువు చేరిన మినిట్‌మన్-3లు 400 దాకా ఇప్పటికీ సైలోల్లో ఉన్నాయి, వాటి స్థానంలోకి రావలసిన కొత్త క్షిపణి సెంటినెల్ ఆలస్యమవుతోంది. ఆ మినిట్‌మన్-3ల రెండో దశ మోటారు కూడా ఎస్ఆర్-19 రకమే.